కండె అయిపోయేలోపు పాట

కోరుట్ల ఎహసాన్ నలభై మరమగ్గాల చేత దేవుని పాటలు పాడించాడు. నలభై అన్నది బైబిలు లెక్క అనుకోండి. అక్కడ వాన నలభై రోజులు, ఎడారి నలభై ఏళ్ళు. మన లెక్కకైతే ఒక్కటే మగ్గం. అదీ పాడలేదు, తాళం వేసింది. తాళం మాత్రం తప్పలేదు, అందులో అబద్ధం లేదు.

రెండు వేల నాలుగులో కోరుట్ల బస్టాండు ఎదుట ఎహసాన్‌కు క్యాసెట్ల దుకాణం ఉండేది. అయిదు పూటల నమాజు తప్పని మనిషి. అయినా ఆ రోజుల్లో వచ్చిన క్రైస్తవ ఆల్బంల సంగతి అతనికి తెలిసినంతగా పాస్టర్లకు కూడా తెలియదు. మెట్‌పల్లి నుంచి వచ్చినవాళ్ళు పల్లవి మరిచిపోయి కూనిరాగం తీసినా సరే, "ఎడారిలో చెలమ, రెండో వైపు, మూడో పాట" అంటూ చేయి చాపి తీసిచ్చేవాడు.

ఒక ఆదివారం లక్ష్మవ్వ వచ్చింది. బీడీలు చుట్టేది, జగిత్యాల చర్చిలో ముందు నిలబడి పాడేది. ఆమె సొంతంగా కట్టిన ఆరు పాటలను ఆల్బంగా తెస్తానని ఎహసాన్ మాటిచ్చి ఏడాదయింది.

"తమ్మీ, మస్కట్ వీసా అచ్చింది. మంగళారం విమానం."

"గింత జల్దీనా అక్కా? కరీంనగర్ల స్టూడియో శుక్రారం దాంక ఖాళీ లేదు."

"నా బిడ్డ పూజకు మూడేండ్లు. నా పాట ఇనకుంటె కన్ను మూయది. నేను పోయినా నా గొంతన్న ఇంట్ల ఉండాలె. ఇగ నీ ఇష్టం."

ఇక ఎహసాన్ ఇష్టం ఏముంది? సోమవారం పొద్దున్నే టేప్‌డెక్కు, రెండు మైకులు బస్సెక్కించి, లక్ష్మవ్వను వెంటబెట్టుకుని సిరిసిల్లలో దిగాడు. కీబోర్డు వాయించే హరిప్రసాద్ గది అక్కడే. గోడ అవతల ఏముందో అడగకపోవడమే తప్పయింది. అవతల నాలుగు మరమగ్గాలు.

లక్ష్మవ్వ పాడింది. టేపులో ఆమె గొంతు తప్ప అన్నీ వినిపించాయి. ఎహసాన్ అవతలికి పరుగెత్తి, కాసేపు ఆపమని మగ్గాలు నడిపే పరశురాములును బతిమాలాడు.

"మూడిటికి పోగులు తెగినయని ఆపుత భాయ్. నాలుగోది గూడ ఆపితె పక్కింట్లకెల్లి మగ్గాల సేటు ఉరికస్తడు. సప్పుడుంటె పండుకుంటడు, సప్పుడాగితె లేస్తడు."

ఎహసాన్ గోడకు చెవి ఆనించి కాసేపు విన్నాడు.

"హరీ, నీ తబలా బటన్ బంద్ జెయ్. అక్కా, మగ్గం ఎట్ల కొడితె గట్ల పాడు."

"దేవుని పాటకు మగ్గం తాళమారా?"

"దేవుడు మనల బట్టలు లేకుంటనే పుట్టిచ్చిండు. గట్లనే చర్చికి రమ్మన్నడా? పాడక్కా!"

లక్ష్మవ్వ పకపకా నవ్వి ఎత్తుకుంది. కుదిరింది. కానీ మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో నూలు చుట్టిన కండె అయిపోతే మగ్గం ఆగుతుంది, ఆలోపే పాట ముగియాలి. నూలు తగ్గగానే పరశురాములు కిటికీలో చెయ్యెత్తేవాడు. అందుకే అయిదు పాటలు తీరిగ్గా మొదలై, కుక్క తరిమినట్టు ముగుస్తాయి.

ఆరోది పూజను నిద్రపుచ్చే పాట. లక్ష్మవ్వ కళ్ళు మూసుకుంది, ఎత్తిన చెయ్యి చూడలేదు. మగ్గం ఆగింది. ఆ నిశ్శబ్దంలో "తెగిన పోగుకు నువ్వే ముడి" అని ఒక్క గొంతే మిగిలింది. వెనకే సేటు కేక. కేకను ఎహసాన్ చెరిపేశాడు, నిశ్శబ్దాన్ని ఉంచాడు. మంగళవారం విమానం వెళ్ళిపోయింది. ఆ రాత్రి క్యాసెట్టు రెండో వైపు అయిపోకముందే పూజ నిద్రపోయింది. ఆ తర్వాత ఆల్బం బయటికొచ్చింది, ఎక్కడో ఉన్న బీర్పూర్ ఊరి ఆటోల దాకా అవే పాటలు.

లక్ష్మవ్వ మస్కట్ నుంచి తిరిగొచ్చి చాలా ఏళ్ళయింది. పూజ ఇప్పుడు నర్సు. ఈమధ్య జగిత్యాల చర్చిలో ఆ దశాబ్దపు మరపురాని ఆల్బంలకు సభ పెడుతుంటే, ఎహసాన్ దుకాణానికి వెళ్ళింది. ఇప్పుడది సెల్‌ఫోన్ల దుకాణం.

"మామా, మగ్గం తాళం ముచ్చట అమ్మ చెప్పింది. సభల నువ్వే చెప్పాలె."

ఎహసాన్ ఫోనుకు గ్లాసు అంటిస్తూ తలెత్తలేదు.

"మగ్గం లేదు, గిగ్గం లేదు. నేను సిరిసిల్ల సూడనే లేదు. మీ అమ్మకు మస్కట్ ఎండ గట్టిగ తాకింది బిడ్డా."

అన్నాడే గానీ, గ్లాసు మీద అతని వేలు మాత్రం మగ్గం తాళమే వేస్తోంది.