వీపు మీదెక్కి పట్టిన క్యాచ్

సౌదీలోని హుఫూఫ్‌లో మా సైటుకు సేఫ్టీ చూసే ఆస్ట్రేలియా పెద్దాయన కుర్రతనంలో రెండు ఆటలు ఆడాడట. ఎండాకాలం క్రికెట్, చలికాలం వాళ్ల దేశపు ఫుట్‌బాల్. రెండూ ఒకే మైదానంలో. ఆ ఫుట్‌బాల్‌లో కోడిగుడ్డులాంటి బంతిని కాలితో తన్నొచ్చు, చేత్తో పట్టొచ్చు. పైనుంచి వచ్చే బంతి కోసం ముందున్నవాడి వీపు మీదెక్కినా తప్పు లేదట. నేను నమ్మలేదు. మన దగ్గర అలా ఎక్కితే ఆట ఆగిపోయి పంచాయితీ మొదలవుతుంది.

శుక్రవారం పొద్దున్నే ఖర్జూర తోటల అవతల మేం టేపు చుట్టిన టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడతాం. ఆయన మా జట్టులో చేరాడు. ఇక మా వాళ్ల మర్యాద చూడాలి. ఎదుటి జట్టు ఆయనకు బంతి మెల్లగా వేసేది. మా జట్టేమో ఆయన్ని పరుగెత్తనిచ్చేది కాదు, బంతి అటు వెళ్తే ఇంకెవరో ఉరికి తెచ్చేవారు. ప్రతివారం ఆయన మొహం చిన్నబోయేది. నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు టీ తాగుతూ ఆయనే నాతో అన్నాడు. "వచ్చేవారం నాకు ఫైనల్ ఎగ్జిట్, కొలువు ముగించుకుని మా దేశం వెళ్లిపోతున్నా. ఇక ఎక్కడా ఆడను. ఈ ఒక్కసారి నన్ను మీలో ఒకడిలా ఆడనివ్వమని చెప్పు."

అరవైకి దగ్గరపడ్డ మనిషి అలా అడిగితే ఊరుకోలేకపోయాను. మా కెప్టెన్ జగిత్యాల ఎలక్ట్రీషియన్. అతనికి చెప్పాను.

"పెద్దమనిషి గదన్నా. కింద వడితె ఎవలు జవాబ్ చెప్తరు?" అన్నాడు. అంతకుమించి వినలేదు.

చివరి శుక్రవారం కూడా అదే వరస. ఆట అయిపోవస్తుండగా బంతి ఒకటి ఆకాశానికి లేచి ఆయన వైపే వచ్చింది. కెప్టెన్ "నాది, నాది" అని అరుస్తూ అడ్డంగా ఉరికి బంతి కింద నిలబడ్డాడు. పెద్దాయన వెనకనుంచి వచ్చాడు. మోకాలు కెప్టెన్ వీపుకు ఆనించి, పైకి లేచి, రెండు చేతులతో బంతి అందుకున్నాడు. ఇద్దరూ ఇసుకలో పడ్డారు.

కెప్టెన్ బోర్లా పడ్డవాడు పడ్డట్టే, ఎవరో చూడకుండా, నోట్లో ఇసుక ఉమ్ముతూ అన్నాడు. "నీ యవ్వ, కండ్లు గనవడ్తలెవ్వారా? నాది అంటున్న గదరా."

తిరిగి చూశాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. "సార్, సారీ సార్" అంటూ లేవబోయాడు.

పెద్దాయన బంతి వదలకుండా నన్ను అర్థం అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. కెప్టెన్ భుజం మీద చెయ్యేసి, "ఇంకొక్కసారి తిట్టమను" అన్నాడు.