పిలుపు అందుకున్న ఎడ్లు

ఎక్కడెక్కడి కొండల్లోనో తిప్పి తిప్పి, ఆఖరికి నాకు మా సొంత జిల్లాలోనే డ్యూటీ వేశారు. వరద డ్యూటీ. పొద్దున ఆరింటికి మా ట్రక్కు రాజురా దాటింది. వాన ఆగలేదు. దూరంగా సాస్తి గని మట్టిగుట్టలు సగం వరకు మబ్బులో ఉన్నాయి. వర్ధా నది ఎక్కడ మొదలవుతుందో, పత్తి చేలు ఎక్కడ అయిపోతాయో తెలియడం లేదు. అంతా ఒకటే మట్టిరంగు నీళ్ళు.

మేం పద్నాలుగు మందిమి. ఒక రేకు పడవ, దాని ఇంజను, మోకులు, లైఫ్ జాకెట్లు. నా వీపు మీద రేడియో సెట్. దుబాసీ పని కూడా నాకే అంటగట్టారు. నేను లాల్‌పేట్ కాలరీలో పుట్టినవాణ్ణి, నాయన బొగ్గు గనిలో పనిచేశాడు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ. మా జవాన్లకు నా అసలు పేరు ఎప్పుడో మరుపున పడింది. అందరికీ నేను లాల్‌పేట్‌నే.

ఇప్పుడు మా గల్లీలో కుర్రాళ్ళు అడుగుతుంటారు, "ఫౌజీ కాకా, బార్డర్ల ఏం చూసినవో చెప్పరాదే" అని. నేను ఎడ్ల సంగతి ఎత్తుకుంటాను. వాళ్ళు పళ్ళికిలిస్తారు. ఇకిలించనీ. నేను పనిచేసినన్నాళ్ళలో అంత ధైర్యం మళ్ళీ చూడలేదు, అది రెండు కాళ్ళ మీద నడిచేది కూడా కాదు.

నది దగ్గరి ఊరు చేరగానే సెట్ మోగింది.

"కంట్రోల్ మాట్లాడుతున్నా. నది, వాగు కలిసే చోట దిబ్బ మీద గొర్రెల కాపరి కుటుంబం ఉంది. మొత్తం ఐదుగురు, అందులో ముగ్గురు పిల్లలు. పైన డ్యాం గేట్లు ఎత్తారు. మధ్యాహ్నం రెండు దాటితే దిబ్బ ఉండదు. ఓవర్."

"హెలికాప్టర్ సంగతేంటి? ఓవర్."

"మబ్బు బాగా కిందికి ఉంది. ఎగరదు. మీరే వెళ్ళాలి. ఓవర్."

ఊరి నుంచి నీటి అంచుకి రెండు కిలోమీటర్లు. దారంతా నల్లరేగడి. మా ట్రక్కు ఊరి చివరనే ఇరుసు దాకా కూరుకుపోయింది. దాన్ని లాగడానికి వచ్చిన ఊరి పెద్ద పాటిల్ ట్రాక్టరు దాని పక్కనే కూలబడింది. పడవను భుజాల మీదికి ఎత్తుకున్నాం. నాలుగు గట్లు దాటేలోపే మోకాళ్ళ దాకా దిగబడ్డాం. ఒకడి బూటు బురదలోనే ఉండిపోయింది. దాన్ని తవ్వి తీయబోయి వాడూ బోర్లా పడ్డాడు. మామూలు రోజైతే నెల రోజులు ఏడిపించేవాళ్ళం. ఆ రోజు ఎవరికీ నవ్వు రాలేదు.

మా సుబేదార్ సాబ్ హర్యానా మనిషి. నిలబడితే తలుపంత ఉంటాడు. ముఖం మీది నీళ్ళు తుడుచుకుని నన్ను పిలిచాడు.

"లాల్‌పేట్, ఈ పడవ అడుగు చదునుగా ఉంది. బురద మీద జారుతుంది. లాగేవాళ్ళు కావాలి. ఊళ్ళో ఎడ్లున్నాయా?"

"బోలెడు ఉన్నాయి సాబ్. ఇవాళ పోలా, ఎడ్ల పండగ. ఏ ఎద్దూ పొలానికి పోదు. అన్నీ ఇంటి దగ్గరే ఉంటాయి."

అంత హుషారుగా చెప్పాను. కాలరీలో పెరిగినవాడికి పోలా అంటే ఏం తెలుసు? మాకది బడికి సెలవు, మర్నాడు పిల్లలు కొయ్య ఎడ్లను ఈడ్చుకుంటూ ఇల్లిల్లూ తిరగడం. ఎడ్లు ఇంటి దగ్గర ఎందుకుంటాయో ఎప్పుడూ అడగలేదు.

మంచి జోడీ ఎవరిదంటే అందరూ మల్లయ్య ఇల్లే చూపించారు. ఆయన తాత ముత్తాతలు తెలంగాణ వైపు నుంచి వచ్చినవాళ్ళు. వాకిట్లో రెండు ఎడ్లు, సర్జా, పాండ్య. పాండ్య తెలుపు. సర్జా గోధుమరంగు, పెద్ద మూపురం. మల్లయ్య సర్జా కొమ్ములకు ఎర్రరంగు వేస్తున్నాడు. ఒక కొమ్ము అయింది, రెండోది కాలేదు.

నేను సంగతి చెప్పాను. ఆయన చేతిలో గుడ్డ ఆగింది.

"ఏంది సార్, గిట్లంటరు? నిన్న పొద్దుమీకి వీటి మెడలకు వెన్న, పసుపు రాసినం. 'ఇయ్యాల పిలుపు అందుకోండ్రి, రేపు బువ్వకు రాండ్రి' అని చెవుల చెప్పినం. పిలిచినంక ఇవి మా ఇంటి చుట్టాలు. చుట్టం మెడ మీద కాడి ఎట్ల పెడుదు? మా నాయన పెట్టలే, మా తాత పెట్టలే."

"ఐదుగురు మనుషులు కాకా. ముగ్గురు పిల్లలు."

"నాకు దయ లేదంటవా?" ఆయన గుడ్డ కింద పెట్టాడు. "మా ఇంట్ల ఇసొంటి పని ఎవ్వలూ చెయ్యలే. అది చెప్తున్న."

నేను హిందీలో చెప్పాను. సుబేదార్ సాబ్ గడియారం చూశాడు. పదిన్నర. హుకుం ఇవ్వాలంటే ఇవ్వగలడు. కానీ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"నేనూ రైతు కొడుకునే. ఆయన చెప్పేది నాకు అర్థమవుతోంది. నువ్వు అడుగు, లాల్‌పేట్. హుకుం మాట వాడకు."

మళ్ళీ అడిగాను. మల్లయ్య ఎడ్లనూ మమ్మల్నీ మార్చి మార్చి చూశాడు. ఆయన రెండు పక్కలా నలిగిపోతున్నాడని తెలుస్తూనే ఉంది. నాకేమో ఆ దిబ్బ మీది పిల్లలే కళ్ళలో మెదులుతున్నారు. ఏం చేయాలో తోచక ఒళ్ళు మండిపోయింది.

అప్పుడు లోపలి నుంచి ఆయన భార్య రాజవ్వ వచ్చింది. పోలెలు చేస్తోంది కాబోలు, చేతులకు పిండి.

"పిలుపు ఇచ్చింది నేను," అంది మొగుడితో. "వాపసు తీసుకునేది గూడ నేనే. నువ్వు జరుగు."

నేరుగా సర్జా దగ్గరికి వెళ్ళింది. పిండి చేత్తోనే దాని చెంప పట్టుకుంది.

"అయ్యా, బువ్వకు రమ్మని పిలిచి పనికి పంపుతున్న. తప్పు నాది, మీది గాదు. నా మీద కోపం చేసుకోకుండ్రి. మీరు తిరిగొచ్చి ముట్టేదాంక ఈ ఇంట్ల ఎవ్వలూ ఒక్క ముద్ద ముట్టరు."

పాండ్యకూ అదే మాట చెప్పింది. ఆ తరువాత కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ లోపలికి పోయింది. మల్లయ్య అటక మీది నుంచి కాడి దించాడు. గోడకు ఆనించిన ములుగర్ర మాత్రం ముట్టుకోలేదు.

"కర్ర వద్దా కాకా?" అన్నాను.

"ఇయ్యాల దెబ్బ కొడుతనా? నడిస్తే నా మాట మీద నడుస్తయి. లేకుంటే లేదు."

పడవ ముక్కుకు గొలుసు కట్టాం. గొలుసు కాడికి తగిలించాం. ఇంజను, పెట్రోలు డబ్బాలు మేం మోశాం. బరువు తగ్గించడానికి పడవలో పార కూడా ఉంచలేదు. మల్లయ్య ఎడ్ల వెనక నడవలేదు. ముందు నడిచాడు, వాటి వైపు తిరిగి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ. "రా సర్జా, రా బిడ్డా, ఇంగ జరంత, ఇంగ జరంత" అంటూనే ఉన్నాడు. దారి పొడుగునా ఆ నోరు మూతపడలేదు.

పడవ కదిలింది. మేం ఎనిమిది మందిమి కలిసినా మోయలేనిది జరజరా జారింది. నాకు కేక వేయాలనిపించింది, వేశాను కూడా. సుబేదార్ సాబ్ వెనక్కి తిరిగి కళ్ళెర్రజేశాడు.

వాగు ముందు ఒక మడుగు ఉంది. అక్కడ రేగడి పిండిముద్దలా అయిపోయింది. పాండ్య నాలుగు కాళ్ళూ దిగబడి ఆగిపోయింది. గొలుసు వదులైంది. బరువంతా సర్జా మీద పడింది. సర్జా ముందు కాళ్ళు మడిచింది. పడిపోయిందనుకుని మేం పరుగెత్తాం.

"ముట్టకుండ్రి!" మల్లయ్య అరిచాడు. "పడలే అది. లాగుతుంది."

నిజంగానే మోకాళ్ళ మీద లాగుతోంది. మెడ ముందుకు చాచి, ముక్కు బురదకు ఆనించి, ఒక మోకాలు, ఆ తరువాత ఇంకో మోకాలు. కనుగుడ్లు బయటికి వచ్చేటట్టున్నాయి. ఊపిరి బుసలు కొడుతోంది. గొలుసు బిగిసింది. మేం పడవను వెనక నుంచి భుజాలతో నెట్టాం. ఆ మడుగు దాటాక పాండ్య కాళ్ళు పీక్కుంది, రెండూ లేచి నిలబడ్డాయి. మల్లయ్య సర్జా నుదుటికి తన నుదురు ఆనించాడు. ఏడ్చానని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

పన్నెండున్నరకి పడవ నీళ్ళలో పడింది. సుబేదార్ సాబ్, ఇద్దరు జవాన్లు వెళ్ళారు. నేను గట్టు మీద సెట్‌తో ఉన్నాను.

"లాల్‌పేట్, దిబ్బ కనిపిస్తోంది. నీళ్ళు గుడిసె గడప దాకా వచ్చాయి. ఓవర్."

సెట్ చెవికి ఆనించుకుని నీళ్ళ వైపే చూస్తూ నిలబడ్డాను.

"ఐదుగురూ పడవలో ఉన్నారు. వస్తున్నాం. ఓవర్."

సెట్ పక్కన పెట్టి మల్లయ్యను వాటేసుకున్నాను. కాపరి గట్టెక్కి కూలబడి గొర్రెల కోసం ఏడ్చాడు. కొన్ని ఈదుకుంటూ వచ్చాయి, తక్కినవి రాలేదు. ఆయన భార్య మాత్రం పిల్లలను ఒక్కొక్కరినే తడిమి చూసుకుంటూ ఉండిపోయింది. రెండు దాటాక నేను వెనక్కి చూస్తే దిబ్బ లేదు.

ఊరికి తిరిగి వచ్చేసరికి నాలుగైంది. చావడి ముందు తోరణం కట్టి ఉంది. దాని ముందు ఊరి జోడీలన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. వీపుల మీద కప్పిన అలంకారపు ఝూలలు తడిసి కారుతున్నాయి, కొమ్ముల రంగు ముఖాల మీదికి దిగింది. మామూలుగా పొద్దుగూకే లోపు అన్నీ తోరణం కింది నుంచి పోయి, ఇంటింటా మేత అయిపోవాలట. ఒక్కటీ కదల్లేదు. రాజవ్వ ఇంట్లోనే కాదు, ఊళ్ళో ఎవరూ ఒక్క ముద్ద ముట్టలేదు.

ముందు నిలబడ్డది పాటిల్ జోడీ. తోరణం కింది నుంచి మొదట పోయే మర్యాద తాతల నాటి నుంచి వాళ్ళదే. పాటిల్ తన ఎడ్లను పక్కకు తిప్పాడు.

"మల్లన్నా, ఈ ఏడు మీ జోడీ ముందు."

"కడిగి తెస్త దొరా, మొత్తం బురద..."

"కడగకు. గిట్లనే రానియ్."

ఆ బురదతోనే, ఝూల లేకుండా, గంటలు లేకుండా సర్జా, పాండ్య తోరణం దాటాయి. ఎవరూ డప్పు కొట్టాలన్న సంగతి కూడా తలుచుకోలేదు.

వాకిట్లో రాజవ్వ పోలెలతో ఎదురుచూస్తోంది. చుట్టానికి కాళ్ళు కడిగాకే బువ్వ. ఆమె చెంబు ఎత్తబోతే సుబేదార్ సాబ్ చేయి చాచాడు.

"అమ్మను అడుగు, లాల్‌పేట్. నేను కడగవచ్చా అని."

నేను అడిగాను. రాజవ్వ చెంబు ఇచ్చింది.

మర్నాడు కొయ్య ఎడ్లు ఈడ్చుకుంటూ పిల్లలు మా ట్రక్కును బజారు దాకా సాగనంపారు. తరువాత ఇంకా చాలా చోట్లకు తిరిగాను, పింఛను కాగితాలు పట్టుకుని లాల్‌పేట్‌కు వచ్చేశాను. తుపాకులు, మంచు, కొండలు, అన్నీ కొద్దికొద్దిగా చెరిగిపోతున్నాయి. ఒకటి చెరగదు. తలుపంత మనిషి వాకిట్లో మోకాళ్ళ మీద కూర్చుని, ఎద్దు మోకాళ్ళకు అంటిన రేగడిని వేళ్ళతో కడుగుతున్నాడు. ఒక కొమ్ము ఎరుపు, ఒక కొమ్ము బురద, ఆ తల వంచి సర్జా ఆయన భుజం మీది హోదా చుక్కలను నాకుతోంది. ఆయన కదలడం లేదు, నాకనిస్తున్నాడు.