తునికాకు రోజుల్లో ఏడో తరగతి

మొన్న ఇల్లందులో టేకులపల్లి బస్సెక్కితే కూర్చోవడానికి సీటు దొరకలేదు. ఎటు చూసినా బడి సంచులు ఒళ్ళో పెట్టుకున్న ఆడపిల్లలే! మోకాళ్ళ నొప్పితో కడ్డీ పట్టుకుని నిలబడ్డానన్న మాటేగానీ, లోపల ఎంత సంబరపడ్డానో ఎవరితో చెప్పను? మన ఈడువాళ్ళకైతే చెప్పకుండానే అర్థమవుతుంది.

తొంభైల మొదట్లో ఆ బస్సు దారిలోనే, అడవి అంచున ఓ పెంకుటింట్లో, బడికి దూరమైన ఆడపిల్లల కోసం నడిపిన శిబిరంలో నేను టీచర్ని. మేకలు కాసినవాళ్ళు, తమ్ముళ్ళను చంకనేసుకుని పెరిగినవాళ్ళు, పలకే ఎరగనివాళ్ళు, అందర్నీ ఒక్క ఏడాదిలో అక్షరాల నుంచి ఏడో తరగతి పరీక్ష దాకా తీసుకెళ్ళాలి. తిరుమలాయపాలెం దగ్గర మా ఊళ్ళో ఈ సంగతి చెబితే నీకేమైనా పిచ్చా అన్నాడు మా నాన్న. అవును, పిచ్చే! వానాకాలంలో ఓనమాలు దిద్దిన పిల్లలు చలికాలానికల్లా భిన్నాల లెక్కలు చేసేసి, ఇంకేదక్కా అని మీద పడుతుంటే ఎవరికి పట్టదు ఆ పిచ్చి?

వాళ్ళలో అందరికన్నా పెద్దపిల్ల ఒకతె ఉండేది. ఈ ఏడు తప్పితే మళ్ళీ చదువు మొహం చూడనని దానికి తెలుసు, నాకూ తెలుసు. సరిగ్గా పరీక్షల ముందు వాళ్ళమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. తునికాకు తెంపే రోజులొచ్చినయ్ పంతులమ్మా, పిల్లను తోలుకపోత అంది. నేను చదువు గొప్పతనం గురించి ఊపిరి తీసుకోకుండా ఉపన్యాసం ఇచ్చాను. ఆవిడ అంతా ఓపిగ్గా విని, “పరీచ్చ మల్లొచ్చే ఏడు గూడ ఉంటది. ఆకు ముదిరితే ఎవడు కొంటడు?” అంది. ఏడాది పొడుగునా ఆ ఇంటివాళ్ళ చేతిలో నాలుగు రూపాయలు ఆడేది బీడీల ఆకు కోసే ఆ కొద్ది రోజులే. పిల్ల బట్టలు మూట కట్టుకోసాగింది.

అప్పుడు మిగతా పిల్లలు, ఇందులో ఏముందన్నట్టు, “అందరం పోతే జల్దీ అయిపోతది గదక్కా!” అన్నారు. వాళ్ళ గూడేల్లో ఒక ఇంటి పని వెనకబడితే అందరూ చెయ్యేస్తారట, అడిగించుకోరట. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

ఇంకేం, మర్నాడు తెల్లవారకముందే శిబిరమంతా అడవిలో ఉంది! ఎండెక్కకముందే ఆకు మూటలతో ఆ పెద్దపిల్ల ఇంటికి చేరి, పందిరి కింద కట్టలు కడుతూ చదువుకునేవాళ్ళం. ఒకమ్మాయి పాఠం గట్టిగా చదవడం, తక్కినవాళ్ళు ఆకు పేరుస్తూ నార బిగిస్తూ జవాబులు చెప్పడం. నేనూ కట్టబోతే నా కట్టలు చేతిలోనే విడిపోయేవి. పాఠమే చెప్పు తల్లీ, ఆకు జోలికి రాకు అని వాళ్ళమ్మ పడీపడీ నవ్వేది. నాలుగు రోజులు గడిచేసరికి, చరిత్ర పాఠం మధ్యలో ఆగితే ఆవిడే, “ఆగు, గా రాజు సంగతి సగంల ఇడిసినవ్, ఏమైండో చెప్పు” అని పిల్లల్ని గద్దించడం మొదలుపెట్టింది. నా ఆనందానికి పట్టపగ్గాలు లేవు!

పరీక్షనాడు ఆవిడ ఆకు పని మానుకుని ఇల్లందు దాకా వచ్చి, బడి గోడ బయట ఎండలో నిలబడింది. ఫలితాలొచ్చిన రోజు బస్సు కోసం ఆగే ఓపిక లేక ఆ గూడేనికి నడిచే పోయాను. పాసైంది, మంచి మార్కులతో పాసైంది అని దూరం నుంచే అరిచాను. పిల్ల వచ్చి నన్ను చుట్టేసింది. తల్లి మాత్రం చెంగుతో చేతులు తుడుచుకుంటూ నిదానంగా అడిగింది: “అయితే ఎనిమిదికి ఏడ తోలాలె పంతులమ్మా?”

నాకు ఏడుపొచ్చేసింది.

ఇప్పుడు హాస్టళ్ళు వచ్చాయి, దారులు పడ్డాయి. ఆ శిబిరం ఎప్పుడో మూతపడింది. మా అవసరం తీరిపోవాలనే కదా అంత తాపత్రయపడ్డాం! పిల్లను ఎక్కడికి తోలాలని ఇవాళ ఏ తల్లీ నన్ను అడగనక్కర్లేదు. సంతోషమే. అయినా, ఒక్కసారి ఎవరైనా వచ్చి అడిగితే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంటుంది.