వేలంలో వచ్చిన చిల్లు కాణీ

దయ్యాలను నేను నమ్మను. ఊరికే గొప్పకు చెప్పడం లేదు, నా వృత్తి అలాంటిది. చిత్తూరులో నాకు కళ్ళజోళ్ళ అంగడి ఉంది. ఒకసారి ఒక పెద్దాయన వచ్చి, సందెవేళ తెల్లచీర కట్టిన మనిషి ఎవరో తనకు ఎదురొస్తోందని వణుకుతూ చెప్పాడు. లైటు వేసి చూస్తే రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆపరేషన్ అయ్యాక ఆ తెల్లచీర మళ్ళీ రాలేదు. లోకంలో ఉన్న దయ్యాల్లో సగం శుక్లాలు, మిగతా సగం పనిలేని నోళ్ళు అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాణ్ణి.

ఇప్పుడు అలా చెప్పడం మానేశాను.

నాకున్న పిచ్చి ఒక్కటే, పాత నాణేలు. ఆన్‌లైన్ వేలాల్లో పాడి తెచ్చుకుంటాను. అందులోనూ కలగాపులగంగా కుప్ప పోసి అమ్మేవంటే మరీ ఇష్టం. అమ్మేవాడు ఒక మసక ఫోటో పెడతాడు. అందులో ఏమున్నాయో వాడికే సరిగా తెలియదు. అదృష్టం ఉంటే మంచి నాణెం దొరుకుతుంది, లేకపోతే చిలుము దొరుకుతుంది. చాలాసార్లు చిలుమే. గాల్లో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నట్టుందని మా ఆవిడ గౌరి దెప్పేది.

మా బాబు చరణ్‌కు నాలుగేళ్ళు దాటినా మాటలు రాలేదు. చెవులు బాగానే ఉన్నాయని తిరుపతిలోనూ చెన్నైలోనూ డాక్టర్లు పరీక్షలు చేసి చెప్పారు. థెరపీకి తిప్పాం. గౌరి వసకొమ్ము అరగదీసి నాలుకకు రాసింది, తిరుచానూరు అమ్మవారికి మొక్కుకుంది. ఏం చేసినా వాడు అమ్మా అని కూడా అనలేదు. ఎవరింటికి పోయినా ముందు ఆ సంగతే అడిగేవారు. అందుకని గౌరి పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ పోవడం మానేసింది. వాడు నోరు తెరిచి ఒక్క మాట అంటే చాలు, ఈ జన్మకు ఇంకేమీ అడగను అనుకునేవాణ్ణి.

అలాంటి రోజుల్లో ఒక కుప్ప పాడాను. పార్సిల్ విప్పితే అన్నీ అరిగిపోయిన రాగి కాసులు. అడుగున మాత్రం ఒక చిల్లు కాణీ ఉంది, తెల్లవాళ్ళ చివరి రోజుల్లో వచ్చిన, నడిమధ్య పెద్ద రంధ్రం ఉండే రకం. దానికి నల్లటి మొలతాడు ముక్క ముడిపడి ఉంది. నూనె పట్టి, పుల్లలా గట్టిపడింది. నాణేలు దాచేవాళ్ళకు దారం అంటే చెత్త. కత్తిరించి పారేద్దామని కత్తెర తీశాను.

గౌరి నా చెయ్యి పట్టుకుంది. ఆమెది నగరి. "అది నాకియ్యండి. మా ఊర్లో మాటలు రాని బిడ్డలకు చిల్లు కాణీ మొలతాడుకు కడతారు" అంది.

ఒంటికి రాసుకుని కాణీ అరిగిపోతుందే అని నా దిగులు. ఆమె ముఖం చూసి కాదనలేకపోయాను. ఆ ముడి విప్పి, కాణీని పసుపునీళ్ళతో కడిగి, చరణ్ మొలతాడుకు కట్టింది. ఇంకో బిడ్డ నడుముకున్న కాణీని మళ్ళీ కట్టకూడదట. ఆ మాట మాకు చెప్పే పెద్దవాళ్ళు ఇంట్లో లేరు.

తర్వాత వచ్చిన ఆదివారం, మధ్యాహ్నం. గౌరి వాడికి పెరుగన్నం తినిపిస్తోంది, నేను పక్కనే కూర్చుని తింటున్నాను. వాడు వాకిలి వైపు చూశాడు. చూసి, "సుగుణక్క యాడ?" అని అడిగాడు.

గౌరి చెయ్యి గాల్లో ఆగిపోయింది. అది చంటిపిల్లల ముద్దుమాట కాదు. నత్తి లేదు, తడబాటు లేదు. ఎన్నాళ్ళుగానో మాట్లాడుతున్న పిల్లవాడు అడిగినట్టు అడిగాడు. గౌరి వాణ్ణి ఎంగిలి చేత్తోనే వాటేసుకుని ఏడ్చేసింది. నాకూ కళ్ళు చెమర్చాయి. ఆ సంతోషంలో, ఈ సుగుణక్క ఎవరు అనే ప్రశ్న సాయంత్రం దాకా మాకు తట్టనే లేదు.

మా రెండు వైపుల బంధువుల్లో ఆ పేరు లేదు. మా వీధిలో లేదు, థెరపీ సెంటర్లో లేదు. వాడు చూసే టీవీ బొమ్మల్లో సుగుణ ఎందుకుంటుంది? అయినా అన్నీ వెతికాను.

ఆ రోజు నుంచి ఒక్కో మాట వచ్చింది. అమ్మా అన్నాడు, నీళ్ళు అన్నాడు, నన్ను నాన్నా అని పిలిచాడు. కానీ పొద్దున లేవగానే మొదట అడిగేది సుగుణక్కనే. ఇంటికి ఎవరొచ్చినా వాళ్ళ ముఖంలోకి చూసి అదే అడిగేవాడు. ఒకరోజు ఆటల్లో మొలతాడు తెగింది. ఆ రోజంతా వాడు ఒక్క మాట అనలేదు. గౌరి కాణీని వెతికి మళ్ళీ కట్టాకే నోరు విప్పాడు. కాకతాళీయం అని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకున్నానే గానీ నమ్మకం కుదరలేదు.

ఇక లాభం లేదని ఆ కుప్ప అమ్మినవాడికి మెసేజ్ పెట్టాను. అతనుండేది ఎక్కడో ఉత్తరాన. ఆ కాసులు ఎక్కడివని అడిగితే, పుత్తూరులో పాత ఇత్తడి సామాన్లు కొనే అంగడి నుంచి తెప్పించుకున్నానని జవాబిచ్చాడు. మా వైపు కాసులే దేశమంతా తిరిగి మా ఇంటికే వచ్చాయన్నమాట. పుత్తూరు పోయి ఆ అంగడి పట్టుకున్నాను. అంగడాయన మంచివాడు, టీ తెప్పించాడు.

"ఆ కాసులా సార్? ఇత్తడి చెంబులో వచ్చినాయి. ఈ పక్క పల్లెలో సుగుణమ్మని ఒక పెద్దామె ఉండాది, వాళ్ళింటివి. కొత్తిల్లు కట్టుకుంటా పాత సామానంతా ఏసినారు" అన్నాడు.

నేను ఆ పేరు ఎత్తనేలేదు. చేతిలో టీ ప్యాంటు మీద ఒలికింది. కాలిందని కూడా నాకు తెలియలేదు.

ఇంటికొచ్చి చెబితే గౌరి నిలువునా నీరైపోయింది. "ఆ దిక్కుకే పోవద్దండి. కాణీ మాదని అడిగితే ఏం జేస్తాం? వీనికి మళ్ళా మాటలు పోతే నేను బతకను" అంది. నాకూ అదే భయం. కొన్నాళ్ళు ఊరుకున్నాం. ఒక పొద్దున చరణ్ సుగుణక్క కావాలని ఏడుపు మొదలుపెట్టాడు. అన్నం ముట్టలేదు. ఒళ్ళు కాలిపోయేదాకా ఏడ్చాడు. మరుసటి రోజు ముగ్గురం బస్సెక్కాం.

సుగుణమ్మకు డెబ్బై దాటి ఉంటాయి. వరండాలో కూర్చుని చింతకాయలు కొట్టి గింజలు తీస్తోంది. చిత్తూరు నుంచి వచ్చామని, ఒక పాత కాణీ సంగతి అడగాలని మొదలుపెట్టాను. నా మాట పూర్తికాకముందే చరణ్ గౌరి చెయ్యి విడిపించుకుని ఆమె ఎదురుగా పోయి నిలబడ్డాడు.

"సుగుణక్క యాడ?" అని ఆమెనే అడిగాడు.

పెద్దామె చేతిలో రాయి పక్కన పెట్టింది. వాడి ముఖంలోకి చాలాసేపు చూసింది.

"ఈడే ఉండా నాయనా. యాడికీ పోలే" అంది.

వాడు తలూపాడు. ఆమె పక్కన చతికిలబడి చింతగింజలతో ఆడుకోవడం మొదలుపెట్టాడు.

కాణీ ఎలా దొరికిందో అప్పుడు చెప్పాను. అది తన తమ్ముడిదని ఆమె చెప్పింది. వాడు ఐదేళ్ళ వయసులో జ్వరమొచ్చి పోయాడట. కాటికి తీసుకుపోయే ముందు మొలతాడు తెంచితే, వాళ్ళమ్మ దాన్ని చెంబులో దాచిపెట్టిందట. ఆ చెంబు అమ్మేసిన సంగతి ఈమెకు తెలియనే తెలియదు. మీ తమ్ముడు మిమ్మల్ని సుగుణక్కా అనే పిలిచేవాడా అని అడిగాను.

ఆమె నా వైపు వింతగా చూసింది.

"వానికి మాటల్లేవప్పా. మూగోడు. మాటలొస్తాయని మా అమ్మ ఆ కాణీ కట్టింది. నేను బడికి పోతే మళ్ళా వచ్చేదాకా వాకిట్లో కూసోని దోవ సూస్తా ఉండేవాడు. అక్కా అని ఒక్క తూరన్నా పిలవకుండానే పాయె" అంది.

ఆమె కాణీ అడగలేదు. ఇచ్చెయ్యమని నేనూ గౌరికి చెప్పలేదు. దారి పొడుగునా ఇవ్వొద్దని నా చొక్కా పట్టుకుని బతిమాలిన గౌరే, చరణ్ చొక్కా పైకెత్తి, ముడి విప్పి, కాణీని ఆమె అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

తిరుగు బస్సులో వాడు నోరు విప్పలేదు. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. గౌరి వాణ్ణి పలకరించడానికి భయపడింది, నేనూ భయపడ్డాను. పలకరిస్తే పలకకపోతే ఏం చేయాలి? చిత్తూరు బస్టాండులో దిగాక వాడు నా వేలు పట్టి లాగాడు. "నాన్నా, ఐస్ కొనీ" అన్నాడు. గౌరి అక్కడే బెంచీ మీద కూలబడి, జనం చూస్తున్నా పట్టించుకోకుండా ఏడ్చింది.

ఇప్పుడు వాడి నోరు మూయించలేకపోతున్నామని బడిలో టీచరు మొత్తుకుంటోంది. సుగుణక్క ఎవర్రా అంటే, ఎవరు అని తిరిగి మమ్మల్నే అడుగుతాడు. కొందరు పిల్లలకు మాటలు ఆలస్యంగా, ఒక్కసారిగా వస్తాయని డాక్టరు చెప్పాడు. అది ఒప్పుకుంటాను. కానీ ఎప్పుడో పోయిన ఒక మూగపిల్లవాడు పిలవలేకపోయిన పిలుపు మా వాడి నోటికి ఎలా వచ్చిందో, నాకు ఈ రోజుకీ తెలియదు.