జాబితాలో అక్క పేరు

వాషర్ల బాబాయ్ అసలు పేరు షెడ్డు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడేది కాదు. నీటి మోటార్లలో వేసే రబ్బరు వాషర్లు ఆయన దగ్గర తయారయ్యేవి. రెండు ప్రెస్సు మిషన్లు, ఆరుగురు పనివాళ్లు. రబ్బరు ముక్కను అచ్చులో పెట్టి, వేడి చేసి నొక్కితే వాషరు వస్తుంది. అంచున పీచులా మిగిలిన రబ్బరును కత్తెరతో కత్తిరించాలి. ఎంతమంది ఉన్నా ఆ పని ఆయనే చేసేవాడు. "మోటారు కారిందంటే తిట్లు మనకే" అంటూ ప్రతి వాషరునూ వెలుతురుకు పట్టి చూసేవాడు. ఎంత సబ్బు రుద్దినా ఒంటి మీద కాలిన రబ్బరు వాసన పోయేది కాదు. "మీరు సందు మొదట్లో ఉండగానే నాకు తెలిసిపోతుంది, కంచం పెట్టేస్తాను" అనేది భార్య.

మొదటి ప్రెస్సు కొనిచ్చింది అక్క. తల్లి పోయేనాటికి ఆయనకు ఏడేళ్లు, అక్కకు పదిహేడు. ఆమె ఆసుపత్రిలో నర్సుగా చేరి తమ్ముణ్ణి చదివించింది, పెళ్లి చేసింది. తన పెళ్లి సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. షెడ్డు పెడతానని తమ్ముడంటే దాచుకున్నదంతా తెచ్చి చేతిలో పెట్టింది. "ఇది ఊరికే ఇవ్వడం లేదురా, అప్పు. తీరిగ్గా తీర్చు" అంది. పంతొమ్మిదేళ్లపాటు తమ్ముడు ఆ 'తీరిగ్గా' అన్న మాటనే అక్షరాలా పాటించాడు.

ఆయన సరుకంతా ఒకే ఒక్క మోటార్ల కంపెనీకి వెళ్లేది. ఆ ఏడాది దేశం డబ్బుకు బయట విలువ పడిపోయింది. ఓడల్లో వచ్చే రబ్బరు ధర కొండెక్కింది. ధరలు దించడానికని ప్రభుత్వం వడ్డీలు పెంచింది. వడ్డీ పెరిగేసరికి ఇళ్లు కట్టేవాళ్లు ఆగారు, వాళ్లు ఆగితే మోటార్లు ఆగాయి. ఎక్కడో పెద్ద భవనంలో ఎవరో చేసిన సంతకం చేతులు మారి మారి ఈ సందులోని షెడ్డు దాకా రావడానికి పట్టింది పది నెలలు. కంపెనీ ఎనిమిది నెలల బాకీ ఆపేసి, చివరికి కోర్టుకెక్కి దివాలా తీసింది.

బాకీలున్నవాళ్లందరినీ పిలిచిన సమావేశానికి బాబాయ్ ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లాడు. చట్టం ప్రకారం తాకట్టు పెట్టుకున్న బ్యాంకులు, పనివాళ్ల జీతాలు ముందు. తర్వాత పన్నులు. సరుకిచ్చి నమ్మకంతో కూర్చున్నవాళ్లు ఆ తర్వాత.

"మా దాకా ఏమైనా వస్తుందాండీ?" అని అడిగాడు.

"మిగిలితే వస్తుంది" అన్నాడు అక్కడి గుమాస్తా, కాగితాల్లోంచి తల ఎత్తకుండానే.

ఏమీ మిగల్లేదు. ఇంటికొచ్చాక ఆయన రెండో ప్రెస్సు అమ్మేశాడు. వచ్చిన డబ్బు మొత్తం పట్టుకెళ్లి అక్కకిచ్చి ఆ పాత అప్పు తీర్చేశాడు. మునిగేవాడు ముందు ఎవరిని ఒడ్డుకు తోయాలో ఆయనకు సందేహం రాలేదు. మూడో అంతస్తులో ఉండే అక్కకు మోకాళ్లు అరిగిపోయాయి. ఆమె ఆ డబ్బుతో మెట్లెక్కనక్కర్లేని రెండు గదుల ఇంటికి అడ్వాన్సు కట్టింది; అందులోవాళ్లు ఖాళీ చేయడానికి ఐదు నెలలు పడుతుందన్నారు.

మరో నాలుగు నెలలకు ఆయనే చేతులెత్తేశాడు. రాత్రికి రాత్రి బోర్డు తిప్పేసినవాళ్లు ఆ వీధిలో ఇద్దరున్నారు. తను అలా పోదలచుకోలేదు. "అప్పులు తీర్చలేనని కోర్టులో ఐపీ పెడతాను" అన్నాడు భార్యతో. ఆ మాటకు ఆమె గిన్నె తోముతున్నదల్లా అలాగే ఉండిపోయింది. ఐపీ పెట్టాడంటే జనానికి ఒకటే అర్థం: అందరికీ టోపీ పెట్టాడని.

లాయరమ్మ చిన్న వయసుది, ఓపికగలది. అప్పుల జాబితా రాసుకుంటూ అడిగింది: "ఈ ఏడాదిలో ఎవరికైనా పూర్తిగా తీర్చేశారా బాబాయ్ గారూ?"

"మా అక్కకి" అన్నాడు. అంతసేపట్లో ఆయన గొంతు తిన్నగా పలికిన మాట అదొక్కటే.

ఆమె కలం ఆగింది. "మునుగుతున్నానని తెలిసి సొంతవాళ్లకు ముందు ఇస్తే చట్టం ఒప్పుకోదండీ. కోర్టు రిసీవరు ఆ డబ్బు వెనక్కి రప్పిస్తాడు. అందరి వాటాలోకీ కలుపుతాడు."

"అది ఆవిడ డబ్బేనమ్మా!"

"రబ్బరు షాపాయనదీ ఆయన డబ్బే కదండీ."

రబ్బరు షాపాయన రెండుసార్లు అప్పుమీద సరుకు ఇచ్చాడు; ఇప్పుడు ఆయన షాపులోనూ సగం అలమరాలు ఖాళీ. ఆరుగురు పనివాళ్లకు రెండు నెలల జీతం పడి ఉంది. "చెప్పకపోతే?" అని అడిగాడు బాబాయ్.

"ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. పెట్టేది మీరు."

ఆయన రాయించాడు. ఆ సాయంత్రమే అక్క ఇంటి మెట్లెక్కాడు. ఆమె బట్టలు మడతపెట్టి అట్టపెట్టెల్లో సర్దుతోంది, ఇల్లు మారడానికి. విషయం విని కుర్చీలో కూర్చుంది.

"నా డబ్బు నాకిస్తే తప్పేంట్రా?"

"అందరికన్నా ముందు ఇవ్వడం తప్పటక్కా."

"నువ్వు చెప్పకపోతే వాళ్లకి తెలిసేదా?"

"తెలిసేది కాదేమో."

"మరెందుకు చెప్పావు?"

"నా దగ్గర ఆరుగురు పనిచేశారు కదక్కా" అన్నాడు.

"నిజాయితీ నీది, మెట్లు నావీనా?" అంది అక్క. తర్వాత లేచి, మడతపెట్టిన దుప్పట్లు తీసి మళ్లీ బీరువాలో పెట్టడం మొదలుపెట్టింది. ఆయన సాయం చేయబోతే, "నువ్వు ఉండు" అంది.

కొత్త ఇంటాయన అడ్వాన్సులో నెల అద్దె కోసుకుని మిగతాది తిరిగిచ్చాడు. కోసుకున్నది ఆమె తన పింఛనులోంచి వేసి రిసీవరుకు కట్టింది.

కోర్టులో ఆయన వంతు నాలుగు నిమిషాల్లో అయిపోయింది. నెల తర్వాత రిసీవరు మనుషులు వచ్చి మిగిలిన ప్రెస్సునూ అచ్చులనూ లారీకెక్కించారు. చేతి పనిముట్లు ఉంచుకోవచ్చన్నారు. వాటిని అమ్మితే వచ్చినదీ, అక్క కట్టినదీ కలిపితే పనివాళ్ల జీతాలు తీరాయి. మిగతావాళ్లకు వందకు పదకొండు చొప్పున వచ్చింది. డబ్బు తిరిగిచ్చింది కనుక అక్క అప్పు మళ్లీ లెక్కలోకి వచ్చింది; జాబితాలో అక్క పేరు తొమ్మిదోది. ఆమెకూ వందకు పదకొండే.

రబ్బరు షాపాయన తన చెక్కు తీసుకుంటూ, "నీకన్నా బోర్డు తిప్పేసినవాళ్లే నయం బాబాయ్. వాళ్లని నోరారా తిట్టుకోవచ్చు" అన్నాడు. వీధి మాత్రం వాషర్లను మర్చిపోయి ఆయన్ను ఐపీ బాబాయ్ అనడం మొదలుపెట్టింది. ఆయన దగ్గర పని నేర్చుకున్న మేస్త్రి ఆయన్ను ఇంకో షెడ్డులో ప్రెస్సు పనికి పెట్టించాడు. మేస్త్రి అప్పటికీ "అయ్యగారూ" అనే పిలిచేవాడు. దాన్ని మాన్పించడానికి ఆయనకు ఆరు నెలలు పట్టింది.

మూడేళ్ల తర్వాత, ఇక ఆ అప్పులకు బాధ్యత లేదని కోర్టు విడుదల కాగితం ఇచ్చింది. ఆయన ముందు దాన్ని అక్కకే చూపించాడు. ఆమె కిటికీ దగ్గరికి వెళ్లి అద్దాలు పెట్టుకుని మొత్తం చదివింది.

"అయితే ఇక నువ్వు ఎవరికీ బాకీ లేవన్నమాట."

"లేనట."

"నాకూ లేవా?"

"కాగితం ప్రకారం లేను."

"కాగితం సంగతి నేను చదివానులే. నువ్వు చెప్పు."

"ఉన్నానక్కా" అన్నాడు.

ఆమె కాగితం మడిచి చేతికిచ్చింది. "భద్రంగా దాచుకో. రేపెప్పుడైనా బ్యాంకువాళ్లు అడుగుతారు" అంది.

కిందికి దిగుతూ రెండో అంతస్తు మలుపులో ఆయన గోడకు ఆనుకుని ఏడ్చాడు. కోర్టులోగానీ, లారీ వెళ్లిపోయిన రోజునగానీ రాని ఏడుపు. ఎవరో తలుపు తీసి చూసి, మళ్లీ వేసుకున్నారు.

అప్పటి నుంచి నెల మొదట్లో జీతం రాగానే అక్కకు కొంత ఇచ్చి వస్తున్నాడు. ఆమె లెక్కపెట్టకుండా పుచ్చుకుంటుంది. ఈ లెక్కన మొత్తం తీరడానికి ఇంకా పదహారేళ్లు పడుతుంది. ఆమెకిప్పుడు డెబ్బై. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఎత్తరు.