పిండిబస్తాల వెనక షెరీఫు

సామ్యేలుకు భయం. దేనికని అడగకండి, దేనికి కాదో చెప్పడమే తేలిక. బల్లంటే భయం, లిఫ్టంటే భయం, ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. మీసం మాత్రం మూరెడు. నాచారంలో అతను పనిచేసే ఫ్యాక్టరీవాళ్లు కంప్యూటరు కొని, నేర్చుకు రమ్మంటే, ఆ భయాలన్నీ వెంటబెట్టుకుని ఉప్పల్‌లో పాండురంగ నడిపే సెంటరుకు వచ్చాడు.

తొంభై ఐదులో సంగతి. క్లాసు అయ్యాక పాండురంగ ఫ్లాపీలో తెచ్చిన ఆట ఆడించేవాడు. బొమ్మల్లేవు, నల్లటి తెరమీద పచ్చటి అక్షరాలే. వైరుతో కలిపిన కంప్యూటర్ల ముందు నలుగురు కూర్చుంటే, నలుగురూ గుర్రాలూ తుపాకులూ ఉన్న ఒకే అమెరికా పల్లెలో ఉన్నట్టు. ఏం చేయాలో ఇంగ్లిషులో టైపు చేయాలి. దొంగలు లోపలికొచ్చేలోపు టైపు కాకపోతే చచ్చినట్టే, మళ్లీ మొదటికి. చీటీలు తీస్తే షెరీఫు వేషం, అంటే ఆ ఊరి పోలీసు వేషం, సామ్యేలుకు వచ్చింది. పాండురంగ నవ్వీ నవ్వీ కుర్చీలోంచి జారాడు.

కిరాణాకొట్టు వేషం రాహేలుది. జనగామ నుంచి మేనమామ ఇంటికొచ్చిన పిల్ల. ఆమెది నవ్వొచ్చే భయం కాదు. వెనక ఎవరైనా నిలబడితే చాలు, వేళ్లు కొయ్యబారిపోతాయి. గుమాస్తా ఉద్యోగానికి టైపు పరీక్ష ఒకసారి అలాగే పోయింది. ఈసారీ పోతే ఊరికి పంపిస్తానని మేనమామ తేల్చి చెప్పాడు.

ఆటలో దొంగలొచ్చారంటే షెరీఫుగారు కొట్టులో పిండిబస్తాల వెనక దాక్కునేవాడు. అంతటితో ఊరుకోక నిజంగానే లేచొచ్చి రాహేలు కుర్చీ వెనక నక్కేవాడు.

"చెల్లె, జర నన్ను దాచిపెట్టు."

"తుపాకి నీ దగ్గరనే ఉంది గదన్నా."

"అది పేల్తదేమోనని భయం. నువ్వు తలుపు గడియ పెట్టు, నేను కండ్లు మూసుకుని ప్రార్థన జేస్త."

మొదట్లో ఆమె వేళ్లు బిగుసుకుపోయి ఒక అక్షరానికి ఇంకోటి పడేది. కొట్టు దోపిడీ అయ్యేది, ఇద్దరూ చచ్చేవారు. వెనక గొణుగుతున్న ప్రార్థన మాత్రం ఆగేది కాదు. కండ్లు మూసుకున్న మనిషికి జంకడమేమిటని రాహేలు మెల్లగా కుదుటపడింది. తర్వాత్తర్వాత దొంగలు గుర్రం దిగేలోపే గడియ పడేది.

పరీక్షనాడు ఆఫీసరు వచ్చి సరిగ్గా ఆమె వెనకే నిలబడ్డాడు. రాహేలు వెనక్కి చూడలేదు. దొంగలు గుర్రాలు దిగుతున్నారనుకుంది, వెనక షెరీఫు నక్కాడనుకుంది, టైపు చేసుకుంటూ పోయింది. ఉద్యోగం వచ్చింది.

మిఠాయి పట్టుకుని చిల్కానగర్‌లో సామ్యేలు ఇంటికి వెళ్తే, అతను లేడు. భార్య పాపమ్మ తలుపు తీసింది.

"అన్నకు మస్తు భయం గదొదినా, ఎట్ల ఏగుతున్నవ్?"

"ఆయనకు భయమా? ఫ్యాక్టరీల పామొస్తే ఈయన్నే పిలుస్తరు. తోక పట్టి గోనెసంచిల ఏస్తడు." పాపమ్మ లడ్డు కొరికింది. "ఒక పిల్ల ఎనక ఎవరన్న నిలబడితే వణుకుతుందని మొదటిరోజే ఇంటికొచ్చి మస్తు బాధపడ్డడు. బల్లంటే మాత్రం నిజంగనే సస్తడు."

మర్నాడు సెంటర్లో మళ్లీ దొంగలొచ్చారు. సామ్యేలు పరుగున వచ్చి కుర్చీ వెనక నక్కి ప్రార్థన మొదలెట్టాడు. రాహేలు ఈసారి వెనక్కి తిరిగి చూసింది. ఒక కన్ను మూసి ఉంది. రెండోది తెరుచుకుని ఆమె వేళ్లనే చూస్తోంది.

"రెండోది గూడ మూసుకో అన్నా," అంది రాహేలు. "దొంగలొస్తున్నరు, భయపడతవ్."