ఏసీకి కట్టిన నిమ్మకాయలు

మా ఇంట్లో నా మాట వినే ప్రాణి ఏసీ ఒక్కటే మిగిలిన రోజుల్లో అది కూడా వినడం మానేసింది.

అంతకుముందు రిమోట్ నొక్కితే కుయ్‌మని, చెప్పినంత చల్లబడేది. నా భార్య కాన్పుకని గూడూరులోని పుట్టింటికి వెళ్లాక ఇంట్లో నాకు బదులిచ్చింది ఆ కుయ్ ఒక్కటే. అల్లూరులో మేడ మీద ఒక గది, వంటిల్లు, ముందు డాబా. మాకు సముద్రం కనబడదు, అది పంపే తుప్పు మాత్రం కనబడుతుంది. పగలు రొయ్యల మేత కొట్లో పని. సాయంత్రం వచ్చి పెరుగన్నం తింటాను. దీన్ని విరహం అనొచ్చు గానీ, పక్కన ఆవకాయ కూడా ఉండేది కాబట్టి అంత దూరం వెళ్లను.

బిడ్డకు మూడో నెల వచ్చింది. ఆదివారం మంచిదని, తల్లినీ బిడ్డనూ తెచ్చి దింపుతామని అత్త ఫోన్ చేసింది. మర్నాడే ఏసీ మొరాయించింది. గదిలో ఉన్న పెట్టె గాలి విసురుతూనే ఉంది, అయితే వేడి గాలి. డాబా మీది బయటి పెట్టె కాసేపు తిరిగి, మూలిగి, ఊరుకుంటోంది. అసలే రోహిణి కార్తె.

అత్తకు ఉన్న మాట చెప్పడం నా తెలివితక్కువ.

"అయితే ఇప్పుడొద్దులే అబ్బయ్యా. పసిబిడ్డకు ఒళ్లంతా పేలిపోతాది. వానలు పడినాక తెస్తాం."

"శనివారానికంతా బాగు చేయిస్తానత్తా."

"చేయించు. చూద్దాం."

మా వైపు వానలంటే కార్తీకం. అప్పటికి నా కూతురు నన్ను చూసి "ఎవరమ్మా ఈయన?" అని అడిగే వయసుకు వచ్చేస్తుందనిపించింది. పిల్లలు అంత త్వరగా మాట్లాడరని తెలుసు. ఒంటరిగా ఉన్నప్పుడు లెక్కలు అలాగే వస్తాయి.

మెకానిక్ వచ్చాడు. నా ఈడువాడే. ముందు స్టెబిలైజర్ చూశాడు, ప్లగ్గులో కరెంటు చూశాడు, తర్వాత డాబా మీదికి వెళ్లాడు.

"కెపాసిటర్ పోయుంటాదన్నా. మోటరుకు తొలి తోపు ఇచ్చేది అదే."

పైమూత తీసి కొత్తది వేశాడు. పెట్టె తిరిగింది. అతను వీధి మలుపు తిరిగే లోపలే ఆగింది. మళ్లీ పిలిచాను. అతను వచ్చి స్విచ్ వేయగానే తిరిగింది.

"నీ ఏసీకి నేనంటే భయం అన్నా. నేనుంటే తిరగతాది."

"అయితే నువ్వే ఉండిపో. పెరుగన్నం పెడతా."

"నాకు పెళ్లాముందన్నా."

"నాకూ ఉండాది. గూడూరులో."

అతను నవ్వుతుండగానే ఏసీ ఆగింది. అతని నవ్వూ ఆగింది. "ఇంక కంప్రెసరే అయ్యుంటాది. ఊడదీసి నెల్లూరికి పంపించాల. వారం పడతాది."

ఆ రోజు శుక్రవారం. నేను ఆ పెట్టె పక్కనే చతికిలబడ్డాను. అప్పుడు ఊరగాయ వాసన వచ్చింది. నా చేతి వాసనే అనుకుని చెయ్యి చూసుకున్నాను. మెకానిక్ కూడా ముక్కు ఎగబీల్చాడు. ఇద్దరం తల ఎత్తాం. పెట్టె పక్కమూతకున్న మరమేకుకు వేలాడుతూ, నల్లగా ఎండి, నిమ్మకాయల గుత్తి.

గూడూరు వాళ్లకు నిమ్మకాయ చవక, నమ్మకం ఎక్కువ. ఏసీ కొన్న రోజునే నా భార్య దానికి దిష్టి తగలకుండా నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ గుచ్చి కట్టింది. ప్రతి అమావాస్యకూ పాతది తీసి కొత్తది కట్టేది. ఏడో నెలలో పుట్టింటికి బయలుదేరుతూ, మధ్యలో మార్చేవాళ్లు ఉండరని, ఆ అమావాస్యలన్నిటికీ కలిపి ఒకేసారి పెద్ద గుత్తి కట్టేసింది. "నేనొచ్చేదాకా కాయాల ఇవి," అంది. అవి కాయలేదు, కారాయి.

మెకానిక్ మెయిన్ ఆపి పక్కమూత తీశాడు. కుళ్లిన రసం దారం వెంట దిగి, మూత సందులోంచి తీగలు బిగించిన చోటికి చేరింది. మిగతాది ఉప్పు గాలి చూసుకుంది. రాగి పచ్చబడింది, ఒక మర చుట్టూ మాడిపోయింది.

"ఇదిగో, న్యూట్రల్ తీగ. చల్లగా ఉన్నంతసేపు ఆనుకోనుంటాది, వేడెక్కితే పట్టు వదిలేస్తాది."

నేను ఏదో అనబోయాను. స్క్రూడ్రైవర్ పట్టుకున్న మనిషి ముందు కవిత్వం బాగుండదని ఊరుకున్నాను.

"దిష్టికి కట్టినారా అన్నా?"

"ఆ."

"పనిచేసింది. ఏసీకి తప్ప ఇంకెవురికీ తగల్లా."

మాడిన తీగ కొస కత్తిరించి, తీగలు బిగించే ఆ ముక్క కొత్తది వేశాడు. ఏసీ తిరిగింది. అతను వెళ్లాక కూడా తిరిగింది. పోయేముందు గుత్తి తెంపి డాబా అవతలికి విసరబోతే అతని చేతిలోంచి తీసుకున్నాను. ఎందుకని అతను అడగలేదు, మంచివాడు.

శనివారం మధ్యాహ్నం దాకా ఆగకుండా నడిచాకే గూడూరుకు ఫోన్ చేశాను. గదిలోని చప్పుడు వినిపించాను.

"అది ఫ్యాను సౌండు గాదా అబ్బయ్యా?" అంది అత్త.

చెప్పుల్లేకుండా డాబా మీదికి పరిగెత్తి, బయటి పెట్టెకు ఫోను ఆనించాను. నా కాళ్లు చేసిన నాట్యం ఆమెకు కనబడలేదు. నమ్మి, ఫోను నా భార్యకిచ్చింది.

"ఏమైందంట బావా?"

"నిమ్మకాయలు కారి తీగ పాడైంది."

"నేను కట్టినవా? ఇంకా ఉండాయా? ఎండినాక తీసేయాలని తెలీదా నీకు? ఎందుకు తీయలా?"

"నువ్వు కట్టినావని."

పక్కన పెట్టె ఒకటే హోరు. సిగ్నల్ పోయిందేమోనని ఫోను చూశాను. పోలేదు.

"రేపు పొద్దున్నే బయల్దేరతాం," అంది. "ఆ కుళ్లినవి పారెయ్. కొత్తవి నేను తెస్తాలే."

"ఏసీకి వద్దు. గుమ్మానికి."

"సరే, గుమ్మానికే."

లోపలికి వచ్చి రిమోట్ నొక్కాను. కుయ్‌మంది. ఆమే చెప్పింది కాబట్టి కాయలు పారేశాను. దారం మాత్రం కడిగి ఆరేశాను. ఆవకాయ జాడీ మూతికి గుడ్డ కట్టుకోవడానికి పనికొస్తుంది.